తెలుగు మీడియంలో చదివిన ఇంగ్లిష్ టీచర్ల మీద పీహెచ్‌డీ చేయొచ్చా?

నమస్కారమండీ. మాది గుంటూరు. పదో తరగతి దాకా తెలుగు మీడియమే. ఇప్పుడు డిగ్రీ కాలేజీలో ఇంగ్లిష్ చెబుతున్నాను. "మేడమ్, మీరు కాన్వెంటా?" అని పిల్లలడిగితే ఇప్పటికీ తడబడతాను (ఒకసారి అవునని అబద్ధం కూడా చెప్పాను). ఈ తడబాటు కూడా పరిశోధనాంశమేనని, రెండో భాష నేర్చుకోవడం మీద పరిశోధించే బానీ నార్టన్ 1995 వ్యాసం చదివాక తెలిసింది. నేర్చుకునేవాళ్లకు ఆసక్తి ఉంటే చాలదు, ఎదుటివాళ్లు మాట్లాడనివ్వాలి కదా అన్నది ఆవిడ వాదన.

నాగార్జున యూనివర్సిటీలో పార్ట్‌టైమ్ మేలా, హైదరాబాద్ ఇఫ్లూలో (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ) ఫుల్‌టైమా? కనీసం 3 ఏళ్లు జీతం లేకుండా ఎలా అని ఇంట్లో గొడవ. సాహిత్యం కాని ఇలాంటి టాపిక్‌ను ఒప్పుకునే గైడ్‌ని ఎలా వెతకాలి? నా సొంత అనుభవమే రాస్తే దాన్ని రీసెర్చ్ అంటారా? ఈ దారిలో వెళ్లినవాళ్లుంటే చెప్పండి.