కురచ లీవర్ కార్బైన్‌కి కొత్త స్టాక్: ఎపాక్సీ పోయాలా, చెక్కతోనే సరిపెట్టాలా?

కొత్తఉలి:
నమస్తే అందరికీ. నాది 16 అంగుళాల బ్యారెల్ ఉన్న కురచ కార్బైన్, అంటే ట్రిగ్గర్ చుట్టూ ఉన్న లీవర్‌ని ఆడించి తూటా ఎక్కించే పొట్టి రైఫిల్. వించెస్టర్ 1892 డిజైన్ మీద చేసింది, 44 మాగ్నమ్ తూటాది. చేతి పట్టు దగ్గర, సరిగ్గా రిసీవర్ (తూటా ఎక్కే ఇనుప పెట్టె) వెనకే, పాత స్టాక్ (భుజానికి ఆనించే చెక్క) నిలువునా చీలింది. కొత్త వాల్‌నట్ స్టాక్ తెప్పించాను. లోపలి గాడులు చాలావరకు చెక్కే వచ్చాయి, చివరి కూర్పు మాత్రం మనమే చేసుకోవాలి. ఇప్పుడు ఎక్కిస్తే ఎడమవైపు చెక్క రిసీవర్‌కి గట్టిగా ఆనుతోంది, కుడివైపు విజిటింగ్ కార్డు దూరేంత సందు ఉంది. ఆ సందులో ఎపాక్సీ (రాయిలా గట్టిపడే జిగురు) నింపేస్తే సరిపోతుందని ఒకరు, లీవర్ తుపాకీలో ఎపాక్సీ వాడడమే తప్పని ఇంకొకరు చెప్పారు. ఎవరి మాట వినాలి? ఈ తుపాకీని ఇంకో ఇరవై ఏళ్లు వాడాలని నా కోరిక.

పాతఆకురాయి:
తమ్ముడూ, పాత స్టాక్ పారేయకు. చీలిక ఎక్కడ మొదలైందో చూడు, జబ్బు అక్కడే తెలుస్తుంది.

ఈ తుపాకుల్లో రిసీవర్ నుంచి వెనక్కి పైనొకటి, కిందొకటి రెండు ఇనుప నాలుకలు వస్తాయి. వాటినే టాంగ్ అంటాం. వాటి మధ్య స్టాక్‌ని దోపి, పైనుంచి ఒకే ఒక్క స్క్రూతో బిగిస్తారు. హామర్ స్ప్రింగ్ కోసం మధ్యలో చెక్కని తొలిచేస్తారు. ఇక మిగిలేది అటొకటి ఇటొకటి రెండు పలచటి బుగ్గలు. తుపాకీ వెనక్కి తన్నినప్పుడు ఆ తన్నంతా రెండు బుగ్గలూ సమానంగా మోయాలి. నీ స్టాక్‌లో ఇప్పుడు ఎడమ బుగ్గ ఒక్కటే మోస్తోంది. ఇలాగే కాలిస్తే నార వెంబడి కొత్తది కూడా చీలుతుంది. ఐదారు పౌండ్ల తుపాకీకి 44 మాగ్నమ్ తన్ను తక్కువేం కాదు.

సందులో ఎపాక్సీ పోస్తే కుడి బుగ్గ కూడా ఆనుతుంది, ఒప్పుకుంటాను. కానీ ఆ సందు ఎందుకొచ్చిందో నీకెప్పటికీ తెలియదు. గాడి వంకరగా ఉంటే ఆ వంకర అలాగే ఉండిపోతుంది. ముందు చెక్కని సరిచెయ్యి.

నూనెగుడ్డ:
ఆకురాయి అన్నా, మీ చేతికి అలవాటుంది. మొదటిసారి చేసేవాళ్ల సంగతి ఆలోచించండి. ఎడమవైపు కాస్త తీస్తారు, అది ఎక్కువవుతుంది. సరిచేద్దామని కుడివైపు తీస్తారు. ప్రతిసారీ స్టాక్ ఇంకాస్త ముందుకు జరుగుతుంది. చివరికి స్క్రూ రంధ్రం కలవదు. నా మొదటి స్టాక్ అలాగే పాడైంది, రంధ్రం పూడ్చి మళ్లీ వేయాల్సి వచ్చింది.

ఇంకో సంగతి. తుపాకీని మూతి పైకి పెట్టి నిలబెడితే రిసీవర్‌లోని నూనె మెల్లగా కిందికి దిగి నేరుగా చెక్క ముందు భాగంలోకి ఇంకుతుంది. అక్కడ నారల కొసలు తెరుచుకుని ఉంటాయి కాబట్టి నూనెని బాగా పీలుస్తాయి. ఏళ్లు గడిచేసరికి చెక్క నల్లబడి మెత్తబడుతుంది. అప్పుడు ఎంత బాగా కూర్చినా ఏం లాభం? ఎపాక్సీ పొర ఉంటే నూనె లోపలికి పోదు, తన్ను కూడా అంతటా పరుచుకుంటుంది. ఇది కూర్పులో తప్పుని దాచడం కాదు, చెక్కకి రక్షణ.

తాతతుపాకీ:
ఒక్క మాట. 1964కి ముందు తయారైన అసలు వించెస్టర్ అయితే ఎపాక్సీ మాటే ఎత్తకండి, అసలు స్టాక్ చీలినా సరే దాచండి. ఇది ఆ డిజైన్ మీద చేసినదే అంటున్నారు కాబట్టి నాకు అభ్యంతరం లేదు.

కొత్తఉలి:
పాత స్టాక్ చూశాను. చీలిక పై టాంగ్ కొస దగ్గర మొదలై వెనక్కి పోయింది. దీని అర్థం ఏమిటి? కొత్తదాంట్లో ఎక్కడ చెక్కాలో ఎలా తెలుసుకోవాలి?

పాతఆకురాయి:
అంటే టాంగ్ కొస చెక్కకి తగిలి మేకులా పనిచేసింది. ప్రతి తూటాకీ ఒక దెబ్బ. అందుకే పై టాంగ్ కొస వెనక సన్నటి ఖాళీ వదలాలి, కాగితం మడత దూరేంత చాలు. పైకి అది సందులా కనిపించి చాలామందికి నచ్చదు. బిగుతుగా ఉంటేనే పనితనం అనుకుంటారు. ఆ అందం కోసమే ఎన్నో స్టాకులు చీలాయి.

ఇక చెక్కడం. ముందు తుపాకీ ఖాళీ చేశావా, బ్యారెల్ కింద తూటాలు నింపే గొట్టంలో కూడా ఏమీ లేవా, రెండుసార్లు చూసుకో. తర్వాత కిరోసిన్ దీపం మంట మీద టాంగ్‌లనీ రిసీవర్ వెనక ముఖాన్నీ మసి పట్టించు. పలచగా, వేలితో తాకితే అంటేంత. స్టాక్‌ని నిటారుగా దోపి, అరచేత్తో వెనకనుంచి ఒక్కసారి తట్టి, తిన్నగా బయటికి లాగు. ఊపుతూ లాగితే మామూలుగా ఇనుము ఆనని చోట కూడా మసి అంటుకుని నిన్ను మోసం చేస్తుంది. నల్లగా అంటిన చోట మాత్రమే గీకు. ఉలితో పొడవొద్దు, పదునైన బ్లేడుతో గీకితే పొడిలా రావాలి. ఉప్పుకాగితం అసలు వద్దు, అంచులు గుండ్రమైపోతాయి. మళ్లీ మసి, మళ్లీ దోపడం. ఇరవై ముప్పైసార్లు పడుతుంది. టెన్షన్ పడకు, ఒక పూటలో అయిపోవాలని కూర్చోకు.

ముందు బుగ్గల మీద చెయ్యి వెయ్యొద్దు. అవి చివరికి. టాంగ్ గాడుల సంగతి తేలాకే బుగ్గలు.

నూనెగుడ్డ:
ఈ వరసతో నాకు పేచీ లేదు. అన్నా, చివర్లో బుగ్గల ముఖానికి పలచగా ఎపాక్సీ పూయమనే నేనిప్పటికీ అంటాను. ఇనుముకి మైనం పట్టించడం మాత్రం మర్చిపోవద్దు, స్క్రూకీ దాని రంధ్రానికీ కూడా. మైనం ఒక్కచోట తప్పినా స్టాక్ తుపాకీకి శాశ్వతంగా అతుక్కుంటుంది, రంపంతో కోసి తీయాలి.

తాతతుపాకీ:
చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. అమెరికాలో 1934 నాటి నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ కింద రైఫిల్ బ్యారెల్ 16 అంగుళాలకి గానీ, మొత్తం పొడవు 26 అంగుళాలకి గానీ తగ్గితే ముందు అనుమతి తీసుకుని రిజిస్టర్ చేయించాలి. మీది మామూలు పొడవు స్టాక్ అయితే ఇబ్బంది లేదు. సినిమాల్లోలా మడమ (స్టాక్ వెనక కొస) కోసేసి కురచ చేయాలనుకుంటేనూ, పిస్టల్‌గా అమ్మిన కురచ బ్యారెల్ లీవర్ తుపాకీకి భుజం స్టాక్ తగిలించాలనుకుంటేనూ ఆగి ఆలోచించాలి.

పాతఆకురాయి:
మంచి మాట గుర్తుచేశారు. తమ్ముడూ, ఇంకో జాగ్రత్త కూడా ఉంది. కింది టాంగ్ పక్కల చెక్క ఉబ్బెత్తుగా మిగిలితే లీవర్ పూర్తిగా మూసుకోదు. లీవర్‌ని టాంగ్‌కి ఆనించి పట్టుకుంటే తప్ప ట్రిగ్గర్ కదలని మోడళ్లు ఉన్నాయి. ఒకసారి నేను అది గమనించక ట్రిగ్గరే చెడిందనుకుని రెండు రోజులు విప్పుతూ బిగిస్తూ గడిపాను. చివరికి చూస్తే చెక్క ఒక వెంట్రుక మందం ఎక్కువుంది, అంతే.

కొత్తఉలి:
పది రోజుల తర్వాత రాస్తున్నాను. మసి నిజం చెప్పింది. ఎడమ బుగ్గ ఎత్తుగా లేనే లేదు. పై టాంగ్ గాడి చివర, ఎడమ గోడ మీద చిన్న ఉబ్బు ఉంది, చిటికెన వేలి గోరంత. అది టాంగ్‌కి తగిలి స్టాక్ మొత్తాన్ని పక్కకి తిప్పేస్తోంది. పైనుంచి తిన్నగా చూస్తే మడమ కూడా కాస్త ఎడమకి ఒరిగి ఉంది, అది ముందు నా కంటికి ఆనలేదు. ఆ ఉబ్బు గీకితే కుడివైపు సందు దానంతటదే మూసుకుంది. ఎపాక్సీ పోసి ఉంటే ఒరిగిన స్టాకే నాకు ఖాయమయ్యేది.

టాంగ్ కొస వెనక ఖాళీ వదిలాను. బుగ్గల మీద ఇప్పుడు మసి రెండువైపులా అంటుతోంది, కుడివైపు కాస్త పలచగా. నూనెగుడ్డ గారు చెప్పినట్టు బుగ్గల ముఖానికి మాత్రం పలచని ఎపాక్సీ పూశాను, నూనె భయానికి. స్క్రూ రంధ్రం ఒక వెంట్రుకవాసి వెనక్కి ఉంది. అలాగే బిగించనా?

పాతఆకురాయి:
వద్దు. స్క్రూ చెక్కకి రాసుకుంటే తన్ను దాని మీద పడుతుంది. గుండ్రటి ఆకురాయితో రంధ్రాన్ని ముందువైపు కాస్త పెద్దది చెయ్యి, స్క్రూ వదులుగా దిగాలి. బిగిస్తున్నప్పుడు స్టాక్‌ని వెనకనుంచి ముందుకి నొక్కి పట్టుకో. కుడివైపు పలచగా అంటితే కంగారు లేదు, కాలుస్తుంటే చెక్క కాస్త నలిగి సర్దుకుంటుంది. అందుకే మొదటి ఇరవై తూటాలయ్యాక స్క్రూని మళ్లీ ఒకసారి బిగించి చూడు, పావు చుట్టు తిరుగుతుంది.

నూనెగుడ్డ:
నూనె చెక్క వైపు దిగకుండా తుపాకీని మూతి కిందికి పెట్టి ఆరబెట్టండి, కనీసం ఎపాక్సీ పూర్తిగా గట్టిపడేదాకా.