చిన్న విమానాలు తగ్గిపోవడానికి బాధ్యత ఎవరిది?

వరంగల్ వాసి:
నిజాం కాలంలో 1930లో మా వరంగల్ దగ్గర ఏర్పడిన మామునూరు విమానాశ్రయంలో 1981 తర్వాత రాకపోకలు ఆగిపోయాయి. నలభై ఏళ్లకు పైగా అది అలా పడి ఉండడానికి గిరాకీ లేకపోవడం కారణమా, ప్రభుత్వ విధానమా? టికెట్లమ్మి నడిపే సర్వీసుల గురించి కాదు, శిక్షణ విమానాలు, అంబులెన్సు విమానాలు, సొంత విమానాల గురించి అడుగుతున్నాను.

గగనవిహారి:
విధానమే కారణమని నేను గట్టిగా నమ్ముతున్నాను. శిక్షణకు వాడే చిన్న పిస్టన్ విమానాల్లో ఎక్కువ వాటికి జెట్ ఇంధనం పనికిరాదు, ఏవ్‌గ్యాస్ అనే ప్రత్యేకమైన పెట్రోలు కావాలి. ఇన్ని చమురుశుద్ధి కర్మాగారాలున్న దేశంలో, 2022లో ఇండియన్ ఆయిల్ వడోదరలో తయారుచేసే దాకా, దాన్ని విదేశాల నుంచే తెప్పించుకున్నాం. వాణిజ్య పైలట్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి కనుక ఇంధనం ఖర్చులో ప్రతి రూపాయీ విద్యార్థి మీదే పడుతుంది. దానికి తోడు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ తన విమానాశ్రయాల్లోని శిక్షణ సంస్థల నుంచి రాయల్టీ కూడా వసూలు చేసేది. 2020లో గాని దాన్ని ఎత్తివేయలేదు. ఇక శంషాబాద్ విమానాశ్రయం కోసం 2004లో కుదుర్చుకున్న ఒప్పందంలోని, 150 కిలోమీటర్ల లోపు మరో విమానాశ్రయం రాకూడదన్న షరతు మామునూరును ఎంతకాలం కట్టిపడేసిందో మీకే బాగా తెలుసు.

లెక్కల మాస్టారు:
గగనవిహారి గారూ, ఆ షరతు ప్రయాణికుల విమానాశ్రయాలకు సంబంధించినది. శిక్షణ విమానం దిగవద్దని అందులో లేదు. అమెరికానే చూడండి. అక్కడ 1978లో 17 వేలకు పైగా చిన్న విమానాలు అమ్ముడవగా, 1994లో ఆ సంఖ్య 928కి పడిపోయింది. పరిహారపు దావాల భారం భరించలేక సెస్నా అనే విమాన తయారీ సంస్థ 1986లో చిన్న పిస్టన్ విమానాల తయారీ ఆపేసింది. పద్దెనిమిదేళ్లు దాటిన విమానాలపై తయారీదారు మీద దావా వేయడాన్ని పరిమితం చేస్తూ 1994లో చట్టం వచ్చాక తయారీ మళ్లీ మొదలైంది గాని, పాత సంఖ్యలు మాత్రం తిరిగి రాలేదు. చట్టం మారినా రాలేదంటే ధర, ప్రజల అభిరుచి, ఆదాయం వంటివీ లెక్కలోకి రావాలి కదా? పైగా కొద్దిమంది కోసం ప్రజాధనం వెచ్చించడం న్యాయమని నేను అనుకోను.

గగనవిహారి:
షరతు విషయంలో మీరన్నది నిజం, నేను వివరంగా చెప్పి ఉండవలసింది. అయితే ప్రయాణికుల సర్వీసులు వస్తాయన్న ఆశే లేని చోట రన్‌వేకు మరమ్మతులు చేయించేదెవరు, ప్రహరీ కట్టించేదెవరు, పశువులు రాకుండా చూసేదెవరు? చిన్న విమానానికీ ఇవన్నీ కావాలి. మీ అమెరికా ఉదాహరణను నేను మరోలా చదువుతాను. చట్టం మారాకే తయారీ తిరిగి మొదలైందంటే, ఆపించిన కారణాల్లో పాత చట్టం ఒకటని తేలినట్టే. మిగతా కారణాలు లేవని నేను అనడం లేదు.

కొద్దిమంది కోసమన్న మాటను మాత్రం ఒప్పుకోలేను. పొలం కుదువపెట్టి, బ్యాంకు అప్పు తెచ్చి పిల్లల్ని శిక్షణకు అమెరికాకో దక్షిణాఫ్రికాకో పంపే కుటుంబాలకు ఇది వినోదం కాదు, బతుకుతెరువు.

వరంగల్ వాసి గారూ, శంషాబాద్ నిర్వాహక సంస్థ జీఎంఆర్ అభ్యంతరం లేదన్న తర్వాత, 2025 ఫిబ్రవరిలో మామునూరుకు కేంద్రం అనుమతినిచ్చింది. మీ ఊరివాళ్లు టెర్మినల్ ఒక్కటే అడిగి ఊరుకోకుండా, ఒక శిక్షణ సంస్థకు, విమానాలు నిలిపే రెండు మూడు చిన్న షెడ్లకు (హ్యాంగర్లకు), ఏవ్‌గ్యాస్ నిల్వకు కూడా స్థలం కేటాయించమని ఇప్పుడే అడగండి.