పొట్టి ఆర్‌ఎన్‌ఏలే గెలుస్తుంటే పొడవైనవి ఎలా నిలిచాయి?

జీవం పుట్టుక గురించి చదువుతూ ఒకచోట ఇరుక్కుపోయాను. బయోకెమిస్ట్రీ తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి.

1967లో అమెరికా శాస్త్రవేత్త సోల్ స్పీగెల్‌మన్ బృందం బ్యాక్టీరియాకి సోకే క్యూబీటా వైరస్ ఆర్‌ఎన్‌ఏని (జన్యు సమాచారం మోసే గొలుసులాంటి అణువు), దాన్ని కాపీ చేసే ఎంజైమ్‌ని, ముడిసరుకుగా న్యూక్లియోటైడ్లని (ఆ గొలుసుని కూర్చే చిన్న అణువులు) ఒక ట్యూబులో కలిపింది. కాసేపయ్యాక అందులోంచి కొంచెం తీసి కొత్త ట్యూబులో వేసేవారు. ఇలా 74 సార్లు మార్చారు. పొట్టివి తొందరగా కాపీ అవుతాయి, తొందరగా కాపీ అయ్యేవాటిదే పైచేయి కదా, చివరికి అసలు ఆర్‌ఎన్‌ఏ పొడవులో 83 శాతం ఎగిరిపోయింది! బ్యాక్టీరియాకి సోకే శక్తీ పోయింది.

ప్రాణం లేని ట్యూబులోనూ పరిణామం జరగడం నిజంగా అద్భుతం. కానీ అది పొట్టిదనం వైపే పోయింది. అలాంటప్పుడు తొలినాళ్లలో సంక్లిష్టత ఎలా పెరిగింది?

జర్మన్ రసాయన శాస్త్రవేత్త మాన్‌ఫ్రెడ్ ఐగెన్ 1971లో చెప్పినది ఇంకో చిక్కు. కాపీలో తప్పులు ఎక్కువైతే పొడవైన అణువులో సమాచారం నిలవదు. తప్పులు తగ్గించే ఎంజైమ్ కావాలంటే మళ్లీ పొడవైన అణువే ఉండాలి. చెట్టు ముందా, విత్తు ముందా అన్నట్టుంది.

కొవ్వు పొరల సంచుల్లో అణువులు విడివిడిగా ఉంటే, పనిచేయకుండా కాపీ మాత్రం అయ్యే పరాన్న అణువులు అదుపులో ఉంటాయంటారు. నాకు అర్థం కానిది ఇక్కడే. సంచి రెండుగా చీలినప్పుడు ఆ పరాన్న అణువులు కూడా పిల్ల సంచుల్లోకి వెళ్తాయి కదా? మరి మంచి సంచులు ఎలా మిగులుతాయి? చిన్న లెక్కతో వివరిస్తే చాలా మేలు.

ఇంకొకటి. 2009లో లింకన్, జాయిస్ అనే శాస్త్రవేత్తలు చూపిన ఆర్‌ఎన్‌ఏ జంట ప్రోటీన్ సాయం లేకుండానే ఒకదాన్నొకటి తయారుచేసుకుంది, కానీ అందుకు కావాల్సిన ఆర్‌ఎన్‌ఏ ముక్కలు ముందే సిద్ధం చేసి ఇచ్చారు. ఆ ముక్కలు ప్రకృతిలో వాటంతటవే ఏర్పడే దారి ఏమైనా ఉందా?