బాస్కెట్‌బాల్ కోచ్ కావాలంటే డిప్లొమా ముందా, కోర్టు ముందా? (బెంగళూరు)

రీబౌండ్_రాజు
ఇంటర్ యూనివర్సిటీ దాకా ఆడి, నేషనల్స్ మెడల్ లేకుండానే డిగ్రీ ముగించినవాళ్లు మన తెలుగువాళ్లలో ఇక్కడ చాలామందే ఉన్నారు. వాళ్లలో ఎవరైనా కోచింగ్‌లోకి వస్తానంటే రెండు మాటలు వినిపిస్తాయి. ఎన్‌ఐఎస్ (పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ) కోచింగ్ డిప్లొమా లేకపోతే ఎవరూ పిలవరని ఒకరు. డిప్లొమా వట్టి కాగితం, ఒక మంచి కోచ్ దగ్గర రెండేళ్లు అసిస్టెంట్‌గా నిలబడితే చాలని ఇంకొకరు. జీతం, ఎదుగుదల రెండూ లెక్కలో పెట్టుకుని చెప్పండి. "ప్యాషన్ ఉంటే చాలు బ్రో" అనేవాళ్లకు ముందే దండం.

బేస్‌లైన్_శాస్త్రి
డిప్లొమానే ముందు. సాయ్ (స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా) అసిస్టెంట్ కోచ్ నోటిఫికేషన్ ఏదైనా తీసి అర్హతల పేరా చదవండి. అసిస్టెంట్ కోచ్, కోచ్, సీనియర్ కోచ్ అని మెట్లున్న ఉద్యోగం అది. దాని మొదటి మెట్టుకే కోచింగ్ డిప్లొమా అడుగుతారు. ఒలింపిక్స్ ఆడినవాళ్ల దారి వేరు, అది మనకు పనికొచ్చేది కాదు.

ఒక చిక్కు చెప్తాను. పటియాలా ఎన్‌ఐఎస్ పేరుతో ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు కూడా ఉంది. అది చేసి బోర్డు మీద "ఎన్‌ఐఎస్ కోచ్" అని రాయించుకుంటారు. తల్లిదండ్రులకు తేడా తెలియదు కానీ, ఇంటర్వ్యూ బోర్డుకు తెలుసు. డిప్లొమాకు మాత్రం డిగ్రీ, ఆడిన స్థాయికి సర్టిఫికెట్లు, ఫిట్‌నెస్ పరీక్ష అన్నీ కావాలి. ఇంటర్ యూనివర్సిటీ సర్టిఫికెట్ ఎక్కడో అట్టపెట్టెలో పడి ఉంటే ఇప్పుడే వెతికి పెట్టుకోండి.

స్కూల్లో పీఈటీగా స్థిరపడాలంటే అది మళ్లీ వేరే దారి. అక్కడ బీపీఎడ్ (వ్యాయామ విద్య డిగ్రీ) అడుగుతారు. డిప్లొమా చూపిస్తే "సంతోషం, బీపీఎడ్ ఏది?" అంటారు.

డబుల్_డ్రిబుల్
శాస్త్రి గారు ఉద్యోగం గురించి చెప్పారు, పని గురించి చెప్పలేదు. క్లోజౌట్ (బంతి అందుకున్న ఎదుటివాడి దగ్గరికి పరిగెత్తి షాట్‌ను అడ్డుకోవడం) అంటే ఏంటో డిప్లొమా చేసినవాళ్లందరికీ తెలుసు. పదమూడేళ్ల పిల్లలు 24 మంది, ఒక కోర్టు, రెండు బాస్కెట్ బోర్డులు. ఇప్పుడు నేర్పమనండి చూద్దాం.

కొత్త కోచ్ చేసే మొదటి తప్పు పిల్లల్ని బోర్డుకు పన్నెండు మంది చొప్పున లైన్లో నిలబెట్టడం. ఇద్దరిద్దరుగా వస్తే ఆరు జతలు. ఒక్కో జతకు 15 సెకన్లు వేసుకున్నా మళ్లీ వంతు రావడానికి నిమిషంన్నర పడుతుంది. 15 నిమిషాల డ్రిల్‌లో ఒక్కొక్కరికి 10 సార్లు. అదే ఆరుగురు చొప్పున నాలుగు గుంపులు చేసి, రెండిటిని బోర్డుల దగ్గర, రెండిటిని సైడ్‌లైన్ పక్కన బోర్డు లేకుండానే పెడితే 20 సార్లు వస్తాయి. క్లోజౌట్‌కు బోర్డుతో పనేముంది? ఎదుటివాడు బంతి పట్టుకుని నిలబడితే చాలు.

రెండో తప్పు అరుపులు. "చెయ్యెత్తు, చెయ్యెత్తు" అని కోచ్ అరుస్తుంటే పిల్లాడి ధ్యాసంతా చేతి మీదే ఉంటుంది. దూరమంతా ఒకే ఊపులో పరిగెత్తి, మోకాళ్లు బిగబట్టి, ఒళ్లు ముందుకు తూలి ఆగుతాడు. ఎదుటివాడు ఒక్క డ్రిబుల్‌తో పక్కనుంచి జారుకుంటాడు. మూడింట రెండు వంతులు పరుగు, ఆఖరి వంతు చిన్న చిన్న అడుగులు, నడుము కిందికి. ఇది ఒంటికి పట్టాలంటే మొదటి వారం చేతులు అసలు వాడనివ్వకూడదు. వీపు వెనక టవల్ పట్టుకుని చేయమనాలి. కాళ్లు కుదిరాక చేతుల సంగతి చూడొచ్చు.

ఇది పక్కన నిలబడి చూస్తేనే వస్తుంది. అందుకే అసిస్టెంట్‌గా రెండేళ్లు అంటున్నది.

బేస్‌లైన్_శాస్త్రి
టవల్ సంగతి బాగుంది, కాదనను. కానీ ఆ "మంచి కోచ్" ఎవరో ఎలా తెలుస్తుంది? పన్నెండు మందిని లైన్లో నిలబెట్టే కోచ్ దగ్గరే చేరితే రెండేళ్లలో అదే అలవాటవుతుంది. డిప్లొమాలో కనీసం ఫిజియాలజీ, బయోమెకానిక్స్, ట్రైనింగ్ సైకిల్ చదివిస్తారు. పోటీ ముందు రోజు కూడా పిల్లలతో సూసైడ్ రన్స్ (కోర్టు గీతల మధ్య ఆపకుండా అటూఇటూ పరుగులు) పెట్టించే కోచ్‌లు ఎందుకు ఇంతమంది ఉన్నారనుకుంటున్నారు?

వీడియో_బాబు
మీ ఇద్దరూ మూడో దారిని వదిలేశారు. ఎరిక్ స్పోల్‌స్ట్రా 1995లో అమెరికా ఎన్‌బీఏ టీమ్ మయామీ హీట్‌లో వీడియో గదిలో చేరాడు. 2008లో హెడ్ కోచ్ అయ్యాడు, 2012లో, 2013లో టైటిళ్లు. మ్యాచ్ వీడియో తీసి విశ్లేషించడం ఇక్కడ పెద్దగా ఎవరూ చేయని పని కాబట్టి తలుపు తెరుచుకోవడం తేలిక. ఫోన్, ట్రైపాడ్, ఎత్తైన చోటు ఉంటే మొదలుపెట్టొచ్చు. సైడ్‌లైన్ నుంచి తీసిన వీడియోలో హెల్ప్ డిఫెన్స్ (తోటివాడిని దాటి వచ్చినవాడిని ఆపడానికి మిగతావాళ్లు కదలడం) కనపడదు, గ్యాలరీ పై మెట్టు నుంచి తీయాలి.

తర్వాత లెక్క. పొసెషన్ అంటే బంతి మన చేతిలో ఉన్న ఒక దఫా, అఫెన్సివ్ రీబౌండ్ అంటే మన షాట్ తప్పాక మనమే మళ్లీ పట్టిన బంతి, టర్నోవర్ అంటే షాట్ వేయకుండానే పోగొట్టుకున్న బంతి. పొసెషన్లు = షాట్ ప్రయత్నాలు + (0.44 × ఫ్రీ త్రోలు) − అఫెన్సివ్ రీబౌండ్లు + టర్నోవర్లు. మీ టీమ్ 62 షాట్లు, 18 ఫ్రీ త్రోలు, 9 అఫెన్సివ్ రీబౌండ్లు, 16 టర్నోవర్లతో 61 పాయింట్లు చేసిందనుకోండి. సుమారు 77 పొసెషన్లు, పొసెషన్‌కు 0.79 పాయింట్లు. "షూటింగ్ బాలేదు" అని కోచ్ తిడుతుంటాడు. అసలు షాటే వేయకుండా 16 సార్లు బంతి పోగొట్టుకున్నారన్నది ఈ కాగితం చూపిస్తుంది. మ్యాచ్ మర్నాటికి ఇలాంటిది ఒక పేజీ ఇచ్చే అసిస్టెంట్‌ను ఎవరూ వదులుకోరు.

సైడ్‌లైన్_సుధ (చెన్నై)
బాబు గారూ, సగం కథే చెప్పారు. స్పోల్‌స్ట్రా పోర్ట్‌లాండ్ యూనివర్సిటీకి పాయింట్ గార్డ్ (టీమ్ ఆటను నడిపించే ఆటగాడు), తర్వాత జర్మనీలోనూ ఆడాడు. ఆట తెలియకుండా వీడియో గదిలోకి వచ్చినవాడు కాదు. ఆడినవాళ్లకు తలుపులు ఎలా తెరుచుకుంటాయో చూడాలంటే ఎన్‌బీఏ మాజీ ఆటగాడు స్టీవ్ కెర్‌ను చూడండి. కోచింగ్ అనుభవం లేకుండానే 2014లో నేరుగా హెడ్ కోచ్.

పైగా ఇక్కడ క్లబ్ బడ్జెట్‌లో వీడియో అసిస్టెంట్ అనే పద్దే ఉండదు. మెచ్చుకుంటారు, టీ ఇప్పిస్తారు, అంతే.

చెన్నైలో ఇంకో చిక్కు ఉంది. ఇండియన్ బ్యాంక్, ఐఓబీ, ఐసీఎఫ్ (రైలు పెట్టెల ఫ్యాక్టరీ), ఇన్‌కంట్యాక్స్ లాంటి టీమ్‌ల ఆటగాళ్లు స్పోర్ట్స్ కోటాలో చేరినవాళ్లు. ఆడటం మానేశాక వాళ్లలోంచే ఒకరు కోచ్ అవుతారు. జీతం ఉద్యోగానిది, కోచింగ్ దాని మీద అదనం. బయటివాళ్లు డిప్లొమా పట్టుకెళ్లినా, టవల్ పట్టుకెళ్లినా ఆ బెంచీ మీద చోటు దొరకడం కష్టం. స్కూల్ టీమ్‌లు, కాలేజీ అమ్మాయిల టీమ్‌లు, అండర్-14, అక్కడే ఖాళీలు ఉంటాయి. అమ్మాయిల టీమ్ తీసుకునేవాళ్లు దూకి దిగడం ఎలాగో నేర్పకుండా షూటింగ్ మొదలుపెట్టకండి. మోకాలు లోపలికి వంగి దిగితే లిగమెంట్ పోతుంది, అబ్బాయిల కన్నా అమ్మాయిలకు ఈ ప్రమాదం ఎక్కువ.

కోర్ట్_లెక్కలు
డబ్బు ఊసే రాలేదు, అందుకే ఇది. సొంతంగా అకాడమీ పెడదామనుకునేవాళ్లకు లెక్క ఇలా ఉంటుంది. అంకెలు ఊహవే, మీ ఏరియా రేట్లు వేసుకోండి.

నెలకు 2,000 చొప్పున 40 మంది అంటే 80,000. కోర్టు అద్దె 20,000, అసిస్టెంట్‌కు 15,000. మిగిలేది 45,000. ఏప్రిల్, మేలలో సమ్మర్ క్యాంపు చూసి ఇదే ఏడాదంతా ఉంటుందనుకుంటారు. జూన్‌లో స్కూళ్లు తెరుస్తారు, బెంగళూరు వాన మొదలవుతుంది. ఓపెన్ కోర్టు తడిస్తే క్లాసు రద్దు చేయాలి, తుడిచి ఆడిస్తే చీలమండలు పోతాయి. ఆగస్టుకు 25 మంది మిగిలారనుకోండి, వచ్చేది 50,000, ఖర్చు మాత్రం అదే 35,000. మీ చేతికి 15,000. రద్దైన క్లాసులకు ఫీజు తగ్గించమని వాట్సాప్ గ్రూపులో గొడవ అదనం.

బంతుల్లోనూ నష్టపోతారు. సిమెంటు కోర్టుకు రబ్బరు బంతులు కొనాలి, తోలువి నెలల్లో అరిగి నున్నగా అయిపోతాయి. చిన్నపిల్లలకు 5 సైజు, అమ్మాయిలకు 6, పెద్ద అబ్బాయిలకు 7. అందరికీ 7 కొనేస్తే చిన్నవాళ్లు భుజం మీంచి విసరడం అలవాటు చేసుకుంటారు, ఆ షాట్ తర్వాత సరిచేయడం నరకం.

డబుల్_డ్రిబుల్
ఈ లెక్క నా మాటకే బలం. సొంత అకాడమీ మొదటి రెండేళ్లు వద్దు, జీతానికి అసిస్టెంట్‌గా ఉండండి.

బేస్‌లైన్_శాస్త్రి
నా మాటకూ బలమే. ఆగస్టులో 15,000 చూశాక అందరూ డిప్లొమా అప్లికేషన్ కోసమే వెతుకుతారు. అప్పటికి వయసు, ఫిట్‌నెస్ రెండూ తగ్గి ఉంటాయి. అందుకే ముందే చేయమంటున్నాను.

రీబౌండ్_రాజు
డిప్లొమా నోటిఫికేషన్ వచ్చేలోపు నాలుగైదు నెలలు ఖాళీ ఉందనుకోండి. సుధ గారూ, ఆ టైమ్‌లో ఏం చేస్తే రెండు దారుల్లోనూ పనికొస్తుంది?

సైడ్‌లైన్_సుధ (చెన్నై)
స్కోరర్స్ టేబుల్ దగ్గర కూర్చోండి. రాష్ట్ర అసోసియేషన్ లీగ్‌లలో స్కోర్‌షీట్ రాసేవాళ్లకు ఎప్పుడూ కొరతే. టీమ్ ఫౌల్స్ ఐదుకు చేరితే ఆట ఎలా మారుతుందో, అఫెన్సివ్ రీబౌండ్ తర్వాత షాట్ క్లాక్ (షాట్ వేయడానికి మిగిలిన సెకన్లు చూపే గడియారం) 24 కాకుండా 14 ఎందుకవుతుందో అక్కడ రోజూ కళ్లముందే కనపడుతుంది. టైమౌట్ ఒక నిమిషం, 50 సెకన్లకే హారన్ మోగుతుంది. చాలామంది కోచ్‌లు అందులో 30 సెకన్లు తిట్టడానికే ఖర్చు పెడతారు, మిగిలిన 20లో ప్లే గీస్తారు. ఎదురుగా కూర్చుని పది మ్యాచ్‌లు చూస్తే ఏం చేయకూడదో తెలిసిపోతుంది. ఇంటికొచ్చాక ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) కోచ్‌ల సంఘం మాన్యువల్స్ చదవండి. లెవల్ 1 నుంచి 3 దాకా నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి.

డబుల్_డ్రిబుల్
టేబుల్ పనికి బెంగళూరులో మల్లేశ్వరం, కంఠీరవ స్టేడియం రెండు చోట్లా అడగొచ్చు. పెన్నులు మాత్రం మీవే తీసుకెళ్లండి, రెండు రంగులవి. క్వార్టర్ మారితే రంగు మార్చాలి.