కొండవాలులో కలిసిపోయేలా చిన్న హోటల్: పునాది, పైకప్పు గురించి సలహా కావాలి

బండలు, పెద్ద చెట్లు ఉన్న కొండవాలు మీద కొద్ది గదులతో చిన్న హోటల్ కట్టాలనుకుంటున్నాం. దూరం నుంచి చూస్తే అక్కడ కట్టడం ఉన్నట్టు తెలియకూడదన్నది మా కోరిక.

శ్రీలంకలో జెఫ్రీ బావా డిజైన్ చేసిన కందలమ హోటల్ ఫోటోలు చూసే ఈ ఆలోచన వచ్చింది. 1994లో తెరిచిన ఆ హోటల్‌ను ఇప్పుడు తీగలు కప్పేశాయి. నార్వేలోని యూవెట్ ల్యాండ్‌స్కేప్ హోటల్‌లో అయితే బండను పేల్చకుండా, దానిలోకి దించిన ఉక్కు కడ్డీల మీద గదులు నిలబెట్టారు. మాకు ఇదే బాగా నచ్చింది. మా ఇంజనీరు మాత్రం వాలును చదును చేసి మామూలు పునాది వేద్దాం అంటున్నారు. అలా చేస్తే వాననీటి దారి మారిపోతుంది, చెట్ల వేళ్లు తెగుతాయి. ఆ తర్వాత నాలుగు కుండీలు పెట్టి ప్రకృతి ఒడి అని బోర్డు రాసుకోవాల్సిందే!

బండలో కడ్డీలు దించి కట్టినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ముందు ఏ పరీక్షలు చేయించాలి? కడ్డీలకు తుప్పు పట్టకుండా ఏం చేశారు?

పైకప్పు మీద మట్టి పోసి గడ్డి పెంచాలని కూడా ఉంది. తడిసిన మట్టి బరువు, వేళ్లు స్లాబ్‌లోకి దిగడం, లీకేజీ... ఈ మూడూ టెన్షన్ పెడుతున్నాయి. కొన్నేళ్లుగా వాడుతున్నవాళ్ల అనుభవం కావాలి.

ఇంకొకటి, పెద్ద అద్దాలకు పక్షులు గుద్దుకోకుండా ఏం వాడారు? స్వీడన్‌లో చెట్ల మీద గదులుండే ట్రీహోటల్‌లో, బయటి గోడలన్నీ ముఖం చూసుకునే అద్దాల్లా మెరిసే గదికి పక్షులకు కనిపించే ఫిల్మ్ వేశారట. మామూలు కిటికీలకూ అది పనికొస్తుందా?