తుమ్మి మొక్క కుండీలో పెంచొచ్చా?

ప్రశ్న: మా వీధి చివర ఖాళీ జాగాలో తుమ్మి గుబురుగా ఉండేది, ఇప్పుడు సిమెంటు వేసేశారు, తేనెటీగలూ తగ్గాయి. మిద్దె మీద పెంచుదామని నర్సరీలో అడిగితే కలుపు మొక్క అంటున్నారు. ఎలాగండీ?

జవాబు: నిక్షేపంగా పెంచొచ్చు. ఎండిన పూగుత్తి అరచేతిలో నలిపితే సన్నటి గోధుమరంగు గింజలు రాలతాయి, వాటిని తొలకరికి మట్టి మీద చల్లి పైన పల్చగా ఇసుక వేస్తే చాలు. ఎండ బాగా పడాలి, ఎరువు అక్కర్లేదు.

జవాబు: మా తెలంగాణలో వినాయక చవితికి తుమ్మికూర వండుకుంటాం. ఆకు కోసం అన్నీ పీకేయకుండా కొన్ని పూతకు వదలండి. తేనెటీగ ఆ పువ్వు తెల్లటి కింది రెక్క మీద వాలి తల లోపలికి దూర్చడం చూసి తీరాలి!

జవాబు: పురుగుమందు మాత్రం కొట్టొద్దు, ప్లీజ్. ఏడాది మొక్క కాబట్టి ఎండిపోతే టెన్షన్ పడకండి, గింజలు రాలాకే తీయండి, మళ్లీ వానలకు వాటంతట అవే మొలుస్తాయి.