టీచర్ల సాధకబాధకాల గ్రూపులో హెచ్‌ఎంలు (హెడ్మాస్టర్లు) ఉండాలా, వద్దా?

గోదారి ఎస్జీటీ:
మా మండలంలో ఎస్జీటీలం (ప్రాథమిక బడుల్లో చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్లం) కొందరం వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. సర్క్యులర్లు, ప్రొఫార్మాలు, గుడ్‌మార్నింగ్ పువ్వులు నిషిద్ధం. ఏకోపాధ్యాయ బడిలో పనిచేసేవాళ్లకి పొద్దుణ్నుంచి సాయంత్రం దాకా మాట్లాడటానికి ఇంకో టీచరే ఉండరు. ఐదు తరగతులు, భోజనం ఫొటో, ముఖ హాజరు అన్నీ ఒక్కరే చూసుకోవాలి. కాస్త గోడు వెళ్లబోసుకుందామని పెట్టుకున్న గ్రూపు అది. ఇప్పుడు ఇద్దరు హెచ్‌ఎంలు తమనీ చేర్చమంటున్నారు. నేనైతే వద్దంటాను.

రిటైర్డ్ హెచ్‌ఎం:
హెచ్‌ఎం మనిషి కాడా అమ్మా? టెలీకాన్ఫరెన్సులో పైవాళ్లు తిడతారు, స్టాఫ్‌రూములో మీరు మూతి ముడుస్తారు. మా గోడు వినేవాళ్లెవరు? మమ్మల్ని బయట పెడితే 'హెచ్‌ఎం అంటే శత్రువు' అన్న మాట ఇంకా ముదురుతుంది.

గోదారి ఎస్జీటీ:
శత్రువని అనడం లేదు సార్. నా సెలవు చీటీ మీద సంతకం పెట్టే మనిషి ఎదుట 'ఈ వారం నావల్ల కావట్లేదు' అని ఎలా రాస్తాను? రేపు ఏదైనా మాట తేడా వస్తే ఆ వాక్యమే గుర్తొస్తుంది.

కెమిస్ట్రీ మేడమ్, హైదరాబాద్:
మీకు మహా అయితే మెమో. ప్రైవేటు కాలేజీ వాళ్లకి ఉద్యోగమే పోతుంది. మా దగ్గర ఒకావిడ ఆదివారం స్టడీ అవర్ల గురించి లెక్చరర్ల గ్రూపులో రెండు లైన్లు రాసింది. సాయంత్రానికి స్క్రీన్‌షాట్ ప్రిన్సిపాల్ టేబుల్ మీదుంది. ఆ గ్రూపులో అధికారులెవరూ లేరు! మెసేజ్‌లు బయటివాళ్లు చదవలేని ఎన్‌క్రిప్షన్ ఉందని ధైర్యం చెప్పకండి. పక్క కుర్చీలో కూర్చున్నవాళ్లని అది ఆపదు. హెచ్‌ఎంలను ఆపినంత మాత్రాన గ్రూపు భద్రం అయిపోదు.

సంఘం మనిషి:
అసలు ఈ ఓదార్పు గ్రూపులే నాకు నచ్చవు. 2022 ఆగస్టులో ఆంధ్రలో టీచర్లని సొంత ఫోన్లలో ముఖ హాజరు యాప్ వేసుకోమన్నప్పుడు సంఘాలు గట్టిగా ఎదురు తిరిగాయి కాబట్టే మంత్రి చర్చలకి పిలిచారు. గ్రూపులో నిట్టూర్చి పడుకుంటే ఎవరు పిలుస్తారు?

ఓరుగల్లు సార్:
అన్నా, ఆ రెండూ వేరు వేరు కాదు. 2021 డిసెంబరులో తెలంగాణల 317 జీవో (ఉద్యోగులని కొత్త జిల్లాలకి పంచిన ఉత్తర్వు) వచ్చి భార్య ఒక జిల్లాకి, భర్త ఇంకో జిల్లాకి పోయినప్పుడు ధర్నాలకి మేమూ వచ్చినం. కానీ కొత్త జిల్లాల రూమ్ ఎక్కడ దొరుకుతది, అప్పీలు ఎట్ల రాయాలె, చిన్న పిల్లని బడి టైముల ఎవరు చూస్తరు అన్నయి మా బ్యాచ్ గ్రూపులనే తేలినయి. సంఘం ఆఫీసుకి రాత్రి పదకొండుకి ఫోన్ చేయలేం కదా.

కౌన్సెలింగ్ చదివిన టీచర్:
ఒక మాట ముందే అనుకోండి. ఎవరైనా బతకాలని లేదన్నట్టు రాస్తే, అందరూ చేతులు జోడించే బొమ్మలు పెట్టి పడుకోకూడదు. ఒకరు వెంటనే ఫోన్ చేయాలి, దగ్గర్లో ఉన్నవాళ్లు వెళ్లాలి. టెలీమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416 ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఈ నంబరు గ్రూపు పైన పిన్ చేసి పెట్టండి. ఇంకోటి, ప్రభుత్వ ఉద్యోగులకి 1964 ప్రవర్తనా నియమావళి ఉంది. అలసట గురించి ఎంతైనా రాసుకోండి. ప్రభుత్వ విధానాన్ని తిట్టే పోస్టుల జోలికి మాత్రం పోకండి.

సంఘం మనిషి:
అలసట ఆ విధానం వల్లే వస్తుంటే?

కౌన్సెలింగ్ చదివిన టీచర్:
అందుకే కదా మీ సంఘం ఉంది. ఆ మాట మీ లెటర్‌హెడ్ మీద వెళ్తే ఒక్కరి మెడకి చుట్టుకోదు.

రిటైర్డ్ హెచ్‌ఎం:
సరే, హెచ్‌ఎంలకి వేరే గ్రూపు పెట్టమని మావాళ్లకి చెప్తాను. ఒక్కటి చెప్పమ్మా. ఇద్దరు టీచర్ల బడిలో సీనియర్ ఎస్జీటీయే ఇన్‌ఛార్జి హెచ్‌ఎం. వాళ్లు ఎటు?

గోదారి ఎస్జీటీ:
పక్క టీచర్ సెలవు చీటీ మీద సంతకం పెట్టే పని ఉంటే మీ వైపే సార్. కాకపోతే అలాంటివాళ్లు ఇప్పటికే గ్రూపులో బోలెడుమంది ఉన్నారు. అందులో ఒకావిడ అడ్మిన్ కూడా.